నాబ్ ఆఖరున కొనండి

పోయిన చలికాలం మిషిగన్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి గరాజులో 1932 ఫోర్డు నమూనాలో పోసిన ఫైబర్‌గ్లాస్ బాడీతో కుస్తీ.

"అన్నా, షిఫ్టర్ వచ్చేసింది. 23 అంగుళాల రాడ్డు, పైన క్రోము పుర్రె. ఫొటో పంపాను, చూశారా?"

"చూశాను, బాగుంది. గేర్‌బాక్సు ఏది?"

"అది ఇంకా తేల్చుకోలేదన్నా. మంచిది దొరికితే తీసుకుందామని..."

ఆలు లేదు, చూలు లేదు, సోమలింగం మాత్రం క్రోము పూత పూసుకుని డబ్బాలో పడుకుని ఉన్నాడు. నేను నవ్వలేదు. నవ్వే అర్హత నాకు లేదు. అతనిది డబ్బాలో ఉన్న పొరపాటు. నేను అదే పొరపాటును బండికి బిగించి, పక్కన భార్యను కూర్చోబెట్టుకుని కొండ దిగాను.

నా బండి 1934 ఫోర్డు కూపే. ఇంజను షెవ్రొలే 350, గేర్‌బాక్సు జనరల్ మోటార్స్ వారి 700ఆర్4, నాలుగు గేర్ల ఆటోమేటిక్. షిఫ్టర్ ఒక పాత సామాన్ల సంతలో కంటికి నచ్చి కొన్నది. మూడు గేర్ల ఆటోమేటిక్ కోసం చేసినదని అమ్మినాయన చెప్పనే చెప్పాడు. బోల్టులు పట్టాయి, రాడ్డు కదిలింది, బండి నడిచింది. ఇంకేం కావాలి అనుకున్నాను. గ్రేట్ స్మోకీ పర్వతాల్లో న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ ఉంది, 5,046 అడుగుల ఎత్తు. అక్కడి నుంచి గాట్లిన్‌బర్గ్ ఊరి వైపు దిగుతూ రాడ్డును ‘1’ మీదకు లాగాను. ఇంజను బండిని వెనక్కి పట్టుకోవాలి కదా, పట్టలేదు. బ్రేకు మీదే దిగాను. నాలుగు మలుపులు తిరిగేసరికి మా ఆవిడ, "ఏమండీ, ఏదో మాడుతోంది" అంది.

మాడింది బ్రేకులు. దారి పక్కన ఆపి, రాతిగోడ మీద కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. మూడు గేర్ల షిఫ్టర్‌లో ఆరు మెట్లుంటాయి: పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్, 2, 1. నా గేర్‌బాక్సుకు ఏడు మెట్లు. డ్రైవ్‌కు పైన ఓవర్‌డ్రైవ్ అని ఒకటి అదనం. అంటే షిఫ్టర్ మీద ‘డి’ అని ఉన్నచోట లోపల ఓవర్‌డ్రైవ్, ‘2’ అని ఉన్నచోట మూడు, ‘1’ అని ఉన్నచోట రెండు. అసలైన ఒకటో మెట్టు దాకా నా రాడ్డు వెళ్ళనే వెళ్ళదు. 700ఆర్4లో ఒకటో గేరు నిష్పత్తి 3.06, రెండోది 1.63. నాకు కావలసిన పట్టులో సగం చిల్లర మాత్రమే నా చేతికి అందుతోందన్నమాట. అక్షరాలు అబద్ధం చెబుతున్న షిఫ్టర్‌తో నేను వందల మైళ్ళు తిరిగాను. చదును రోడ్డు మీద ఆ అబద్ధం బయటపడలేదు.

అందుకే ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక్కటే: షిఫ్టర్‌ను పై నుంచి కిందికి కాదు, కింది నుంచి పైకి ఎంచుకోండి. మొదట గేర్‌బాక్సు, తర్వాత దాన్ని అందుకునే దారి, తర్వాత మీ సీటు, మోకాలు, మోచెయ్యి. నాబ్ అన్నిటికన్నా ఆఖరున. దుకాణం మాత్రం దీన్ని తలకిందులుగా పేర్చి ఉంటుంది. కేటలాగులో మొదట కనబడేది నాబ్, ఆ తర్వాత మెరిసే రాడ్డు. కింద ఉండే తీగ, బ్రాకెట్టు, స్విచ్చు ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఏ వస్తువులోనైనా చేతికి తగిలే భాగమే మన చేత డబ్బు తీయిస్తుంది.

మా ఇద్దరివీ హాట్ రాడ్ జాతి బండ్లు. హాట్ రాడ్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు. 1930లలో కాలిఫోర్నియా ఎండు చెరువుల్లో కుర్రాళ్ళు పాత ఫోర్డులకు మడ్‌గార్డులు పీకేసి, ఇంజనుకు ప్రాణం పోసి పరిగెత్తించిన ఆటలోంచి పుట్టింది ఇది. 1932లో ఫోర్డు సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల ఇంజను ఇవ్వడంతో ఆట ఊపందుకుంది. యుద్ధం ముగిశాక, 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ అనే పత్రికే మొదలైంది. స్ట్రీట్ రాడ్ అంటే దాన్నే పందేనికి కాక రోడ్డు మీద తిరగడానికి కట్టుకోవడం. 1970లో ఇలినాయ్ రాష్ట్రం పియోరియాలో ఇలాంటి బండ్లకు మొదటి జాతీయ మేళా జరిగింది. 1948, అంతకు ముందు నమూనాలే ఆ మేళా నడిపే సంఘం లెక్కలో స్ట్రీట్ రాడ్లు. ఇది అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ కోసం రాస్తున్న అధ్యాయమని కూడా చెప్పాలి. మన దేశంలో తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు 2019లో తేల్చేసింది. విజయవాడలో ఉన్న బావమరిదికి ఈ పుస్తకం పంపి ఆశ పెట్టకండి.

ఇక కిందికి దిగుదాం. నిజంగానే బండి కిందికి. చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజను ఆపి. ఒట్టి జాకీని నమ్మి దూరకండి.

గేర్‌బాక్సు పక్కన ఒక చిన్న ఇనుప చెయ్యి బయటికి వచ్చి ఉంటుంది. మన షిఫ్టర్ ఎంత గొప్పదైనా చివరికి చేసేది ఈ చెయ్యిని ముందుకో వెనక్కో తిప్పడమే. ఆ చెయ్యి లోపల ఒక పలకను తిప్పుతుంది. ఆ పలక అంచు కోడిపుంజు తురాయిలా గాట్లు గాట్లుగా ఉంటుంది, మెకానిక్కులు దాన్ని పిలిచేది కూడా ఆ పేరుతోనే. స్ప్రింగుకు కట్టిన చిన్న చక్రం ఆ గాట్లలో ఒకదాంట్లోంచి లేచి ఇంకోదాంట్లో పడుతుంది. ఆ ‘టక్’ మనం చేతితో వినాల్సిన మాట. అదే పలక ఒక కవాటాన్ని జరుపుతుంది. దాని పేరు మాన్యువల్ వాల్వు. ఆటోమేటిక్‌లో మనం గేర్లు మార్చం. ఆయిలు ఏ దారిన పోవాలో చెబుతాం, అంతే. మిగతా పని ఆయిలుదే.

చక్రం గాటులో పూర్తిగా పడకుండా అంచు మీద ఆగిందనుకోండి. కవాటం సగం తెరుచుకుని ఉంటుంది. ఆయిలు వెళ్తుంది కానీ ఒత్తిడితో వెళ్ళదు. లోపలి క్లచ్ పలకలు గట్టిగా పట్టుకోలేక ఒకదాని మీద ఒకటి జారతాయి, జారి వేడెక్కుతాయి, వేడెక్కి మాడతాయి. ఎర్రటి ఆయిలు గోధుమ రంగుకు తిరిగి, కమురు వాసన వేస్తుంది. అప్పుడు మనం గేర్‌బాక్సు బాగుచేసినవాణ్ణి తిడతాం. పాపం, అతని తప్పేమీ ఉండదు. అర అంగుళం లెక్క తప్పిన మన తీగ చేసిన పని అది. పార్క్‌లో ఇదే తప్పు జరిగితే ఇంకో రకం నష్టం. గేర్‌బాక్సు లోపలి కొక్కెం పళ్ళలో సగమే దిగుతుంది. ఏటవాలు దారిలో నిలిపిన బండి మనం కాఫీ తాగేలోపు పక్కింటి గోడను పలకరిస్తుంది.

అందుకని షిఫ్టర్ కొనకముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దేన్నీ తగిలించకుండా ఆ ఇనుప చెయ్యిని మీ చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. టక్కులు లెక్కపెట్టండి. జనరల్ మోటార్స్ వారి పవర్‌గ్లైడ్ రెండు గేర్లది, ఐదు మెట్లుంటాయి. టర్బో 350, టర్బో 400లకు ఆరు. 700ఆర్4కు ఏడు. ఫోర్డు, క్రైస్లర్ గేరు పెట్టెల కథ వేరు. అసలు చెయ్యి ఏ వైపు తిరిగితే పార్క్ వస్తుందన్నది కూడా పెట్టెను బట్టి మారవచ్చు. లెక్కపెట్టిన అంకె కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో దుకాణానికి వెళ్ళండి. మీ గేర్‌బాక్సు పందెం బండి నుంచి వచ్చినదైతే ఇంకో ప్రశ్న అడగాలి. అలాంటివాటిలో కొన్నిటికి లోపలి వాల్వు బాడీ మార్చి, న్యూట్రల్ తర్వాత 1, 2, 3 వరసలో పెడతారు. మామూలుగా ఉండేది డ్రైవ్, 2, 1. వరస తెలియకుండా కొన్న షిఫ్టర్ నా షిఫ్టర్ లాగే అబద్ధాలాడుతుంది.

ఇప్పుడు దారి గురించి. చేతికీ పెట్టెకూ మధ్య మూడు దారులున్నాయి. మూడిటికీ ఈ అధ్యాయంలో సమానంగా చోటివ్వను, ఎందుకంటే మూడూ నాకు సమానం కాదు.

మొదటిది స్టీరింగ్ కాలమ్ మీది గేరు. మన పెద్దవాళ్ళకు ఇది కొత్త కాదు. మా మేనమామ అంబాసిడర్‌లో గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు బెంచీలా ఉండి, కాళ్ళకు అడ్డం లేక, పెళ్ళిళ్ళ సీజన్‌లో డ్రైవరు పక్కన ముగ్గురు ఇరుక్కునేవారు. అది మాన్యువల్ గేరే అయినా సూత్రం ఇదే: నేల ఖాళీగా ఉంటుంది. దాని జబ్బు కూడా మావయ్యే చూపించాడు. నడివీధిలో గేరు ఇరుక్కుంటే బండి దిగి, బానెట్టు ఎత్తి, లోపలి కడ్డీని చేత్తో కొట్టి వదిలించేవాడు. కాలమ్ షిఫ్ట్ జీవితమంతా ఆ కడ్డీల మీదే ఆధారపడి ఉంటుంది. కాలమ్ కింద ఒక చెయ్యి, పెట్టె దగ్గర ఒక చెయ్యి, మధ్యలో కడ్డీ. రెండు చేతులూ ఒకే పొడవుండాలి, వీలైనంత ఒకదానికొకటి సమాంతరంగా తిరగాలి, కడ్డీ వాటికి నిటారుగా తగలాలి. పొడవుల్లో తేడా వస్తే పార్క్‌లో సరిపోయిన లెక్క డ్రైవ్‌కు వచ్చేసరికి తప్పుతుంది. మధ్యలో ఎక్కడో సర్దితే ఈ చివర పోతుంది, ఈ చివర సర్దితే ఆ చివర పోతుంది. ఇంకో సంగతి. కాలమ్ బాడీకి బిగించి ఉంటుంది, ఇంజను రబ్బరు మీద ఊగుతుంది. పెడల్ తొక్కినప్పుడల్లా రెండిటి మధ్యా కాస్త కదలిక ఉంటుంది. కడ్డీ చివర కీళ్ళు దాన్ని భరించేవిగా ఉండాలి. బెంచీ సీటు, పక్కన భార్యాపిల్లలు, మెల్లగా షికారు అయితే నా ఓటు దీనికే.

పాత బండి కాలమ్ తెచ్చి బిగించేవారికి ఒక హెచ్చరిక. 1950ల మొదట్లో షెవ్రొలే ఆటోమేటిక్‌ల మీద వరస పార్క్, న్యూట్రల్, డ్రైవ్, లో, రివర్స్ అని ఉండేది. రివర్స్ చిట్టచివర, లో గేరు పక్కన. ముందుకు పోయే గేరుకూ వెనక్కి పోయే గేరుకూ మధ్య ఏ గుమ్మమూ లేదు. అందుకే అమెరికా ప్రభుత్వం 102వ నంబరు భద్రతా ప్రమాణం తెచ్చి, 1968 నుంచి కొత్త కార్లన్నిటిలో రివర్స్‌కూ ముందు గేర్లకూ మధ్య న్యూట్రల్ ఉండి తీరాలంది. పాత కాలమ్ అద్దం మీది అక్షరాలు అందంగా ఉన్నాయని కొత్త పెట్టెకు అలాగే వదిలేస్తే, మీ బండిని మొదటిసారి తీసిన స్నేహితుడు గరాజు తలుపు లోంచే బయటికి వస్తాడు.

రెండోది గేర్‌బాక్సు మీదే నిలబడే రాడ్డు. తోక వైపు బోల్టులకు బ్రాకెట్టు బిగించి, నేలలో కన్నం చేసి, రాడ్డును పైకి తెస్తారు. మొదటిసారి బండి కడుతున్నవారికి నేను చెప్పేది ఇదే. కారణం ఒక్కటి చాలు: ఇంజను ఊగితే షిఫ్టర్ కూడా దానితోనే ఊగుతుంది, కాబట్టి సర్దిన లెక్క చెదరదు. దారి మధ్యలో వేడికి కరిగేది లేదు, చుట్టు తిరిగి వంగేది లేదు. ఇబ్బంది ఎక్కడంటే రాడ్డు ఎక్కడ పైకి వస్తుందన్నది మీరు కాదు, గేర్‌బాక్సు నిర్ణయిస్తుంది. టర్బో 350నే తీసుకోండి, దాని తోక 6, 9, 12 అంగుళాలని మూడు పొడవుల్లో దొరుకుతుంది. తోక మారితే రాడ్డు పుట్టే చోటు మారుతుంది. పాత ఫోర్డు క్యాబిన్ చిన్నది. ఆ తేడాతో రాడ్డు సీటు అంచుకు తగలవచ్చు, డాష్‌బోర్డు కిందికి దూరవచ్చు.

దీనికి నా దగ్గర ఉన్న పరికరం చీపురు కర్ర. నేలకు కన్నం పెట్టకముందే, రాడ్డు ఎక్కడ లేస్తుందో అక్కడ కర్ర నిలబెట్టండి. సీటు మీద కూర్చోండి, ఒట్టి రేకు మీద కాదు. ఆఖరున ఎంత మందం స్పాంజి వస్తుందో అంత దిండు వేసుకుని కూర్చోండి. రెండంగుళాల స్పాంజి మోచేతి లెక్కంతా మార్చేస్తుంది. స్టీరింగ్ వదిలి చెయ్యి సహజంగా ఎక్కడ పడుతుందో అక్కడ కర్ర మీద గుర్తు పెట్టండి. పార్క్‌లో ముందుకు వంచండి, ఆఖరి గేరులో వెనక్కి వంచండి. మోకాలు తగులుతుందా? పక్క మనిషి మోకాలు? వాళ్ళను కూడా కూర్చోబెట్టి అడగండి. మా ఆవిడ చెప్పిన ఒక్క మాటతో నేను 16 అంగుళాల రాడ్డు నుంచి 12కు దిగాను. పొడవు రాడ్డు తేలిగ్గా కదులుతుంది కానీ చెయ్యి ఎక్కువ దూరం ప్రయాణించాలి. కన్నం మీద రబ్బరు తొడుగు మాత్రం గట్టిగా బిగించండి. ఆ కన్నం కింద సైలెన్సర్ గొట్టం ఉంటుంది. వేడీ, పొగా రెండూ అందులోంచే పైకి వస్తాయి.

మూడోది తీగతో నడిచే షిఫ్టర్. దీని గొప్పతనం స్వేచ్ఛ, షిఫ్టర్‌ను మీకు నచ్చినచోట పెట్టుకోవచ్చు. దీని శాపమూ అదే. నచ్చినచోట పెట్టి, తీగను ఎలాగోలా తిప్పి పెట్టె దాకా తెస్తారు. లాగడానికే కాదు, తొయ్యడానికి కూడా పనికి రావాల్సిన తీగ అది. మెలిక ఎంత బిగుతుగా ఉంటే కదలిక అంత బరువెక్కుతుంది. ఎగ్జాస్ట్ గొట్టాల పక్కగా తీసుకెళ్ళడమంటే పొయ్యి పక్కన ప్లాస్టిక్ డబ్బా పెట్టడమే. లోపలి పొర కరిగి, ఒకరోజు రాడ్డు న్యూట్రల్‌లోనే బిగుసుకుని కూర్చుంటుంది. తీగ చివర పెట్టె చెయ్యిని తిన్నగా లాగాలి, పక్కకు కాదు.

తీగ షిఫ్టర్లలో ర్యాచెట్ రకం కుర్రకారుకు ప్రాణం. ఒక్కో లాగుకు ఒక్కో గేరు, పొరపాటున దాటిపోదు. పందెంలో అది వరం. అలాంటి పోటీలు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, ఆటోమేటిక్ షిఫ్టర్‌కు రివర్స్‌లోకి పొరపాటున పోనివ్వని తాళం ఉండాలని నియమం పెట్టింది. ఆ తాళం వీధి బండిలో కూడా ఉంటే మంచిదే. కానీ కూరగాయల మార్కెట్ ముందు పార్కింగ్‌లో ముందుకూ వెనక్కూ పదిసార్లు తిప్పాల్సి వచ్చినప్పుడు, ప్రతిసారీ మీట పట్టి ఎత్తి లాగే షిఫ్టర్ మీద మీకు విరక్తి పుట్టకపోతే చెప్పండి. పాతరోజుల్లో హర్స్ట్ కంపెనీ వీధికీ పందేనికీ మధ్య ఉన్న ఈ చిక్కును ఒకే షిఫ్టర్‌లో తీర్చబోయింది. రెండు దారులు పక్కపక్కనే, ఒకటి మామూలుగా నడపడానికి, ఒకటి మనమే గేర్లు మార్చుకోవడానికి. 1967 పాంటియాక్ జీటీఓలో వచ్చింది. జనం దాన్ని ‘ఆయనది, ఆమెది’ అని పిలిచేవారు. ఆలోచన తెలివైనదే. పేరు మాత్రం ఇప్పుడు మా ఇంట్లో పలికితే రాత్రి భోజనం కష్టం.

4ఎల్60ఈ వంటి కంప్యూటర్ పెట్టెలు వచ్చాక స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చవచ్చు కదా, షిఫ్టర్ ఎందుకు అని అడుగుతారు. ముందు గేర్ల మధ్య మార్పులు కంప్యూటర్ చూసుకుంటుంది. పార్క్, రివర్స్, న్యూట్రల్ కోసం ఆ ఇనుప చెయ్యిని ఎవరో ఒకరు తిప్పాల్సిందే, మీ చెయ్యి అయినా, మోటారు అయినా.

దారి ఏదైనా సర్దే పద్ధతి దాదాపు ఒకటే. తీగ గానీ కడ్డీ గానీ పెట్టె దగ్గర విప్పండి. పైన షిఫ్టర్‌ను పార్క్‌లో పెట్టండి. కింద చెయ్యిని పార్క్ గాటులో పూర్తిగా పడేలా తిప్పండి. ఇప్పుడు తీగనో కడ్డీనో చెయ్యికి కలిపే చీల బలవంతం లేకుండా కన్నంలోకి జారాలి. సుత్తి అవసరమైతే సర్దుబాటు తప్పినట్టే. పార్క్ కుదిరిందని ఆగిపోకండి. ప్రతి మెట్టులోనూ పెట్టి, చీల తీసి, కింది చెయ్యి ఇంకాస్త కదిలి గాటులో పడుతోందేమో చూడండి. పడిందంటే అంతవరకూ అది అంచు మీద ఉన్నట్టే. విసుగు పనే. ఆరేడుసార్లు కిందికి దూరాలి. గేర్‌బాక్సు మళ్ళీ విప్పడం కన్నా చవక. అంతా సర్దినా 700ఆర్4 జారుతూ, ఆలస్యంగా మారుతూ ఉంటే షిఫ్టర్‌ను వదిలి, కార్బురేటర్ నుంచి పెట్టెకు వెళ్ళే టీవీ (థ్రాటిల్ వాల్వు) కేబుల్ చూడండి. పక్కవాడి తప్పుకు మన షిఫ్టర్ ఎన్నో మాటలు పడింది.

తర్వాత స్విచ్చు. గేరులో ఉండగా ఇంజను స్టార్ట్ కాకుండా ఆపే న్యూట్రల్ సేఫ్టీ స్విచ్చు ఫోర్డు సీ4కు పెట్టె మీదే ఉంటుంది. టర్బో 350, 700ఆర్4లకు పెట్టె మీద ఉండదు. ఫ్యాక్టరీ కారులో అది కాలమ్ మీదో కన్సోల్‌లోనో ఉండేది, ఆ కారు ఇప్పుడు మీ దగ్గర లేదు. అంటే అది మీ షిఫ్టర్‌తోనే రావాలి, వచ్చినదాన్ని మీరు తీగలతో కలపాలి. డబ్బాలో ఆ చిన్న స్విచ్చు లేని షిఫ్టర్ ఎంత చవకైనా కొనకండి. బిగించాక, ముందూ వెనకా మనుషులు లేకుండా చూసి, బ్రేకు గట్టిగా తొక్కి, ప్రతి మెట్టులో తాళం తిప్పండి. పార్క్‌లో, న్యూట్రల్‌లో మాత్రమే ఇంజను పలకాలి. వెనక దీపం స్విచ్చు కూడా అప్పుడే కలిపేయండి, మళ్ళీ కార్పెట్ ఎత్తడం ఎవరి తరం?

మిషిగన్ తమ్ముడు చివరికి 700ఆర్4 తీసుకున్నాడు, టక్కులు లెక్కపెట్టాడు, 23 అంగుళాల రాడ్డు వాపసు పంపి, పెట్టె మీద నిలబడే 12 అంగుళాలది తెప్పించుకున్నాడు. పుర్రె మాత్రం వదల్లేదు. దాని మర కొత్త రాడ్డుకు కుదరక ఒక అడాప్టర్ కూడా కొన్నాడు. ఆగస్టులో లూయీవిల్‌లో జరిగిన స్ట్రీట్ రాడ్ల జాతీయ మేళాకు ఇద్దరం వెళ్ళాం. మూడు గంటలు ఎండలో నిలిపిన బండి ఎక్కి, సరదాగా పుర్రె మీద చెయ్యి వేసి, "అబ్బా!" అని వెనక్కి తీశాడు. పక్క గుడారంలో చెక్క నాబ్‌లు అమ్ముతున్నారు. నేను ముందే ఒకటి తీసుకుని ఉంచాను.